ప్రాణమున్న పగడం

ప్రాచీన కావ్యాలు చదివేవారికి పగడం ఒక పోలికగానే పరిచయం. నాయిక పెదవిని వర్ణించవలసి వచ్చినప్పుడు కవికి దొండపండో, చిగురుటాకో, పగడమో తప్పక గుర్తుకు వస్తుంది. ముత్యాల పలువరుసకు పగడాల పెదవి తోడుగా ఉండడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఆ పగడం ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది అని అడగడమే మానివేశాం. నవరత్నాలలో దానికొక స్థానం ఉన్నది. కుజగ్రహానికి ప్రీతికరమని ఉంగరంలో పొదిగించుకొనేవారున్నారు. కౌటిల్యుని అర్థశాస్త్రం రాజకోశంలో చేరవలసిన విలువైన వస్తువులలో ప్రవాళాన్ని పేర్కొన్నది. తమ స్త్రీలు భారతదేశపు ముత్యాలకు ఎంత విలువ ఇస్తారో భారతీయులు పగడానికి అంత విలువ ఇస్తారని రోమను రచయిత ప్లినీ క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే రాశాడు.

అయితే మన పదాలను కొంచెం ఓపికగా పరిశీలిస్తే మరొక సంగతి తెలుస్తుంది. ‘ప్రవాళం’ అనే మాటకు పగడమనే గాక చిగురు అనే అర్థం కూడా ఉన్నది. ‘విద్రుమం’లో ద్రుమం, అనగా చెట్టు, దాగి ఉన్నది. ఈ పేర్లు పెట్టినవారు పగడాన్ని మొలకెత్తి కొమ్మలు వేసేదిగా ఊహించి ఉంటారు. కాని అంగడికి చేరిన పగడం తూకానికీ, వెలకూ లొంగే రాయిగానే మిగిలింది. కావ్యంలో ఈ చూపు వల్ల నష్టమేమీ లేదు. సముద్రతీరంలో మాత్రం దాని వలన దీవులే మునిగిపోయాయి. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

పగడం రాయా, చెట్టా, ప్రాణియా అన్న సందేహం ఐరోపా పండితులనూ చాలా కాలం వేధించింది. 1706లో మార్సిలీ అనే ఇటలీ పండితుడు సముద్రజలంలో ఉంచిన పగడపు కొమ్మ మీద తెల్లని పూలు విచ్చుకోవడం చూసి, అది మొక్కేనని నిశ్చయించాడు. అవి పూలు కావు, చిన్న ప్రాణులని 1720వ దశకంలో గుర్తించినవాడు మార్సేయి నగరపు వైద్యుడు పేసొనెల్. ఈ మాటను పారిస్ విజ్ఞాన పరిషత్తుకు నివేదించిన రియోమూర్, అతడు నవ్వులపాలు అవుతాడని పేరు కూడా బయటపెట్టలేదట! 1740వ దశకంలో హైడ్రాపై పరిశోధనలు వెలువడిన తరువాతగాని పేసొనెల్ మాట నిజమని పండితులు ఒప్పుకోలేదు.

జీవశాస్త్రం చదివే విద్యార్థులకు హైడ్రా తెలిసినదే. పగడపు జీవి దానికి దూరపు బంధువు. దీనిని పాలిప్ అంటారు. మెత్తని గొట్టం వంటి దేహం, పైన నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు - ఇంతే దాని ఆకారం. సముద్రజలంలోని కాల్షియాన్ని గ్రహించి, కాల్షియం కార్బొనేట్‌తో తన అడుగున గట్టి గూడు కట్టుకొంటుంది. వేలాది పాలిప్‌లు ఒకదానినొకటి అంటిపెట్టుకొని పెరుగుతాయి. పాతవి మరణించగా మిగిలిన గూళ్ల మీద కొత్తవి గూళ్లు కడతాయి. ఇలా వేల సంవత్సరాలు పేరుకొన్న కట్టడాన్నే ప్రవాళ భిత్తిక అంటున్నాం. ఉంగరంలోని ఎర్రపగడం దీనికి జ్ఞాతి మాత్రమే. అది మధ్యధరా సముద్రంలో వెలుతురు తక్కువైన చోట్ల పెరుగుతుంది, భిత్తికలను కట్టదు.

భిత్తికను కట్టే పగడానికి ఒక రహస్యం ఉన్నది. దాని కణాలలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. అవి సూర్యకాంతితో కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆహారం తయారుచేసి, అందులో అధికభాగం ఆతిథ్యమిచ్చిన జీవికే సమర్పిస్తాయి. పగడం వాటికి నివాసాన్నీ, తాను విసర్జించే పోషకాలనూ ఇస్తుంది. పగడపు రంగులు చాలావరకు ఈ అతిథులవే. జంతువు, మొక్క, రాయి మూడూ ఒక్కచోట కలసిన ఈ జీవిని చూస్తే, పూర్వుల తికమకను తప్పుపట్టబుద్ధి కాదు.

శైవలాలకు వెలుతురు కావాలి గనుక పగడానికి నిర్మలమైన, లోతు తక్కువైన, వెచ్చని ఉప్పునీరు కావాలి. కృష్ణా గోదావరులు మోసుకువచ్చే ఒండ్రు, మంచినీరు దానికి సరిపడవు. మనకు వరిపొలాలనిచ్చిన నదులే మన తీరానికి ప్రవాళ భిత్తికలు లేకుండా చేశాయన్నమాట. భారతదేశంలో ఇవి ముఖ్యంగా కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ - పాక్ అఖాతం ప్రాంతం, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులలో ఉన్నాయి. లక్షద్వీపాలైతే పూర్తిగా పగడం కట్టిన నేలే. అక్కడివారు తవ్వుకొనే బావులలోని మంచినీరు కూడా ఆ పగడపు నేలలో, ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలిచిన వాననీరే.

సముద్రపు అడుగుభాగంలో ఒక శాతం కూడా లేని ఈ భిత్తికలను ఆశ్రయించుకొని సముద్రజీవ జాతులలో దాదాపు నాలుగోవంతు బ్రతుకుతున్నాయి. చిలుకముక్కు చేప పగడాన్ని కొరికి, నమిలి, తెల్లని ఇసుకగా విసర్జిస్తుంది. మనం మెచ్చుకొనే దీవుల ఇసుకతిన్నెలలో ఎంతో భాగం దాని చలవే. ఆస్ట్రేలియా తీరాన 2300 కిలోమీటర్ల పొడవున ఉన్న మహాప్రవాళ భిత్తికలో ఏటా పౌర్ణమి తరువాత కొన్ని రాత్రులలో అసంఖ్యాకమైన పగడాలు ఒకేసారి బీజాలను నీటిలోకి విడుస్తాయి. శాస్త్రజ్ఞులు దీనిని 1980వ దశకం ఆరంభంలోగాని గమనించలేదు. చంద్రునికి కలువతో చెలిమి కట్టిన మన కవులకు ఈ వార్త అంది ఉంటే, కలువకు ఒక సవతి వచ్చి ఉండేది!

రామేశ్వరానికీ తూత్తుకుడికీ మధ్య మన్నారు సింధుశాఖలో 21 చిన్న దీవులు ఉండేవి. వాటి చుట్టూ ఉన్న భిత్తికలు అలల తాకిడిని తాము భరించి తీరాన్ని కాపాడేవి. భిత్తిక అలల శక్తిలో సగటున 97 శాతాన్ని హరిస్తుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ కాపలాదారునే గునపాలతో పెకలించి, పడవలలో ఒడ్డుకు చేర్చి, సున్నపు బట్టీలకూ, కార్బైడు పరిశ్రమలకూ, ఇళ్ల కట్టడాలకూ వాడారు. 1986లో ఆ ప్రాంతాన్ని సముద్ర జాతీయోద్యానంగా ప్రకటించిన తరువాత కూడా తవ్వకం సాగింది. సముద్రంలోని రాయి తెచ్చుకొంటే తప్పేమిటని తవ్వినవారు అనుకొని ఉంటారు. కడుపు కోసం గునపం పట్టినవారిని నేను నిందించను. వారికి కూలి ఇచ్చి రాయిని కొన్నవారికైనా అది ప్రాణి అని తెలియకపోవడం, తెలిసినా పట్టకపోవడం నన్ను బాధిస్తుంది. 2001లో భిత్తికలు కట్టే పగడాలన్నింటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణ పగడానికీ లభించింది. పగడం ప్రాణి అన్న మాట మన చట్టంలో అంత స్పష్టంగా చేరడానికి పేసొనెల్ తరువాత దాదాపు 275 ఏళ్లు పట్టింది. 2005 నాటికి తవ్వకం ఆగింది. అప్పటికే పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి అనే రెండు దీవులు నీట మునిగిపోయాయి.

గునపాన్ని చట్టం ఆపగలిగింది. వేడిమిని ఆపడం దాని వల్ల కాదు. సముద్రజలం వేసవి గరిష్ఠానికి మించి ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం తనలోని శైవలాలను వెళ్లగొడుతుంది. రంగు పోయి, అడుగున ఉన్న తెల్లని గూడు బయటపడుతుంది. త్వరగా నీరు చల్లబడితే తేరుకొంటుంది, లేకుంటే ఆకలితో మరణిస్తుంది. 1998లో ఈ ఉపద్రవం లక్షద్వీపాలను, మన్నారును కూడా తాకింది. 2023లో మొదలైన వెల్లువలో ప్రపంచ ప్రవాళ భిత్తికలలో 84 శాతం ఇటువంటి వేడిమికి గురైనట్లు 2025 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మనం కాల్చే బొగ్గు, పెట్రోలు ఇందుకు ప్రధాన కారణం. పగడాలు లేని తీరంలో ఉన్నామని తెలుగువారు దీని నుండి తప్పించుకోలేరు. మన విద్యుత్కేంద్రాల పొగకు రాష్ట్ర సరిహద్దులు తెలియవు.

తూత్తుకుడి పరిశోధకులు 2002 నుండి పగడపు కొమ్మలను కాంక్రీటు పలకలకు కట్టి సముద్రంలో నాటుతున్నారు. ఇది గౌరవించదగిన శ్రమ. అయితే దీనిని చూపి ‘పోయినదానిని మళ్లీ నాటవచ్చు’ అని ధీమాగా పలకడం నాకు సమ్మతం కాదు. నీరు కాగుతూ ఉంటే నాటిన కొమ్మ కూడా వెలిసిపోతుంది. తూత్తుకుడికి చేరువలోని వాన్ దీవి 1986లో సుమారు 16 హెక్టార్లు ఉండేది, 2014 నాటికి 2 హెక్టార్లకు కుంచించుకుపోయింది. పగడం ఊరకే చేసిపెట్టిన పనిని చేయించడానికి ఇప్పుడు దాని చుట్టూ వేలకొలది కాంక్రీటు దిమ్మెలను దించారు. ఆ దిమ్మెల మీద పగడపు డింభకాలు వచ్చి అతుక్కొని పెరుగుతున్నాయి. కొమ్మలు వేసే జాతులు ఏటా కొన్ని సెంటీమీటర్లు పెరుగుతాయి. గుండ్రాయి వలె పెరిగే జాతులకు ఒక్క సెంటీమీటరు పెరగడానికి ఏడాది పైనే పట్టవచ్చు.