ఇంజనుకి కులం లేదంట!

ఇంజనుకి కులం లేదని నాకు ఇద్దరు చెప్పారు. ఒకడు కంపెనీ ట్రైనింగ్ ఆఫీసరు. ఇంకొకడు ఎర్రజెండా పట్టిన యూనియన్ నాయకుడు. బోనస్ దగ్గర్నుంచి కాంటీన్లో పప్పుదాకా వాళ్లిద్దరికీ ఏ విషయంలోనూ పడేది కాదు. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఒకటైపోయారు. ఎందుకయ్యారు? ఇంజను చుట్టూ నిలబడ్డ మనుషుల్ని చూడకపోవడం ఇద్దరికీ లాభం గనక.

నేను ఇంజన్ల దగ్గర ముప్పై ఏళ్లకు పైనే బతికిన మాదిగోణ్ణి. ఇంజనుకి కులం లేదు, నిజమే. ఇనుముకీ లేదు, డీజిలుకీ లేదు. కానీ ఆ ఇనుము పోత మీద ఇసుక గీకేదెవరు, ఆ ఇంజనుకి కొబ్బరికాయ కొట్టేదెవరు అని అడగండి. అప్పుడు నోళ్లు మూతపడతాయి.

మా పల్లె ఏలూరికి దక్షిణాన కొల్లేటి ఒడ్డున ఉంది. మా నాన్నది తోలుపని. ఊళ్లోకి ఆయిలింజన్లు దిగాక గూడ వేసే కూలి పోయింది గానీ నాన్నకి ఒక పని తగిలింది. ఇంజనుకీ పంపుకీ మధ్య తిరిగే బెల్టు తెగితే తోలు వారుతో కుట్టాలి. ఆ కుట్టు నాన్నే కుట్టాలి. అర్ధరాత్రి కబురొచ్చినా లేచి పోయేవాడు. తెగిన బెల్టు తెచ్చి షెడ్డు బయట పడేసేవారు. అక్కడే లాంతరు పెట్టుకుని కుట్టిచ్చేవాడు. లోపలికి పట్టుకుపోయి తొడిగేది మాత్రం ఊరోడైన ఇంజను డ్రైవరు. "నువ్వే తొడగొచ్చు గదా నాన్నా" అంటే, "దానికి కొబ్బరికాయ కొట్టార్రా, మనం తగలకూడదు" అనేవాడు.

ఆలోచించండి. జర్మనీలో పుట్టిన డీజిలింజను మా ఊళ్లో దిగిన నాడే కులం నేర్చుకుంది. పసుపు రాసి బొట్టు పెట్టి దాన్ని ఊళ్లో కలుపుకున్నారు. తరతరాలుగా ఆ ఊరికే చాకిరీ చేసిన మమ్మల్ని కలుపుకోలేదు.

ఇక్కడ కామ్రేడ్లు మార్క్సుని తెస్తారు. 1853లో ఆయన న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్ పత్రికలో రాశాడు, రైళ్ల వెంట వచ్చే ఆధునిక పరిశ్రమ కులానికి ఆధారమైన వారసత్వ పని విభజనను కరిగించేస్తుందని. లండన్లో కూర్చుని అంత ఆశపడ్డందుకు ఆయన్ని నేను తప్పుపట్టను. కానీ 85 ఏళ్ల తర్వాత, 1938 ఫిబ్రవరిలో, మన్మాడ్‌లో జి.ఐ.పి. రైల్వే దళిత కార్మికుల సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఏం చెప్పారో వీళ్లు ఎందుకు చదవరు? ఆ రైల్వేలోనే మావాడు జీవితమంతా గ్యాంగ్‌మన్‌గానే ఉండిపోతున్నాడనీ, పోర్టరు స్టేషన్‌మాస్టరు ఇంట్లోకి పోవాల్సి వస్తుంది గనక మావాణ్ణి పోర్టరు కానివ్వడం లేదనీ, వర్క్‌షాపుల్లో మెకానిక్ అయిన మావాడు కనపడటం అరుదనీ చెప్పారు. ఆ రోజుల్లోనే బొంబాయి బట్టల మిల్లుల నేతఖాతాలోకి అంటరానివాళ్లని రానిచ్చేవారు కాదు. నేతలో పోగుని నోటితో పీల్చి లాగాలి, మావాడి ఎంగిలి తగులుతుందని. కార్మికుడికి పెట్టుబడిదారీ విధానం ఒక శత్రువైతే బ్రాహ్మణవాదం ఇంకో శత్రువని ఆయన ఆ సభలోనే తేల్చి చెప్పారు. మొదటి శత్రువు పేరు గోడల మీద రాసినోళ్లు రెండో పేరు దగ్గర సున్నం అయిపోయిందన్నారు.

తాడేపల్లిగూడెంలో లారీ షెడ్డులో చెయ్యి తిప్పుకున్నాను. ఏలూరులో ఉండి ఐటిఐ డీజిల్ మెకానిక్ పాసయ్యాను. 1987లో రాష్ట్రం దాటి ఒక హెవీ ఇంజన్ల కంపెనీలో అప్రెంటిస్‌గా చేరాను. దాని పేరు రాయను. ఒకదాని పేరు రాస్తే మిగతావన్నీ చేతులు దులుపుకుంటాయి. 1961 అప్రెంటిస్ చట్టానికి 1973లో చేసిన సవరణ ప్రకారం శిక్షణ సీట్లలో ఎస్సీ, ఎస్టీలకి వాటా ఉంది, ప్రైవేటు కంపెనీలోనైనా సరే. కానీ నేర్పినోడికి ఉద్యోగం ఇచ్చి తీరాలన్న షరతు అందులో లేదు. అంటే నేర్చుకోడానికి రిజర్వేషన్, బతకడానికి లేదు. ఏడాది తర్వాత నాతో నేర్చుకున్న వాళ్లలో కొందరు అసెంబ్లీ లైనుకి పోయారు. నా డీజిల్ మెకానిక్ సర్టిఫికెట్ చూసి కూడా నన్ను కాంట్రాక్టరు కింద ఫెట్లింగ్‌కి పంపారు.

ఫెట్లింగ్ అంటే ఏంటో తెలీని విద్యార్థులకి చెబుతాను. లారీ ఇంజను బ్లాకుని ఫౌండ్రీలో ఇసుక అచ్చుల్లో పోతపోస్తారు. కరిగిన ఇనుము 1400 డిగ్రీల దగ్గర ఉంటుంది. చల్లారాక బ్లాకుకి అంటుకున్న ఇసుకనీ, అంచుల్లో మిగిలిన ఇనుప రెక్కల్నీ ఉలితోనూ గ్రైండరుతోనూ చెక్కెయ్యాలి. అదే ఫెట్లింగ్. అక్కడ గాలి ఉండదు, దుమ్మే ఉంటుంది. అక్కణ్ణుంచి బ్లాకు మెషిన్ షాపుకి పోతుంది, సిలిండర్లు కోసి నునుపు చేస్తారు. తర్వాత అసెంబ్లీ. క్రాంకు, పిస్టన్లు, హెడ్డు బిగిస్తారు. చివర టెస్ట్ బెడ్ మీద లోడు పెట్టి నడిపి, గేజీలు చూసి సంతకం పెడతారు. ఇసుక దగ్గర్నుంచి సంతకం దాకా నడుచుకుంటూ పోతే దుమ్ము తగ్గుతుంది, జీతం పెరుగుతుంది, ఇంటిపేర్లు మారతాయి. మా ఫెట్లింగ్‌లో ఉన్నది మాలోళ్లు, మాదిగోళ్లు, మహర్లు, ఆదివాసులు. టెస్ట్ బెడ్ దగ్గర మావాణ్ణి ఒక్కణ్ణి చూళ్లేదు. పర్మినెంటోడి గేటు పాసు నీలం, మాది పసుపు. కాంటీన్లో వాళ్లు తిన్నాక మా గంట. ఊళ్లో వాడని ఉండేది, ఇక్కడ కాంట్రాక్టని ఉంది.

అక్కడ ఒక తెలుగు సూపర్‌వైజరు ఉండేవాడు. పశ్చిమగోదావరి అనగానే మొహం వెలిగింది. "మనోడేనా? ఇంటిపేరేంటి?" అన్నాడు. చెప్పాను. "ఆహా" అన్నాడు. ఆ ఆహాతోనే దీపం ఆరిపోయింది. మళ్లీ నాతో తెలుగులో మాట్లాడలేదు. దసరాకి టెస్ట్ బెడ్ మీద ఇంజనుకి ఆయుధపూజ చేశారు. మా బ్యాచీని ఆ పూట లోపలికి రానివ్వలేదు, దుమ్ము బట్టలట. ఆ ఇంజను ఒంటి మీది దుమ్ము కాదా అది!

నా పక్కన గ్రైండరు పట్టిన మా జిల్లా కుర్రోడు నాలుగేళ్లకి మెట్లెక్కలేకపోయాడు. టీబీ అన్నారు. ఫౌండ్రీ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని రాయి చేస్తుంది, దాని పేరు సిలికోసిస్. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో అది తప్పక తెలియజేయాల్సిన జబ్బుగా ఉండేది. తెలియజేయాలంటే ముందు ఆ మనిషి కంపెనీ పుస్తకంలో ఉండాలి గదా! అతను లేడు. మస్తరు కాంట్రాక్టరు జేబులో ఉంది. యూనియన్ నాయకుడి దగ్గరికి పోతే, "మీరు మా మెంబర్లు కాదు బాబూ" అన్నాడు. ఇంజనుకి కులం లేదన్నాయనే!

చట్టం లేక కాదు. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం శాశ్వతంగా సాగే పనుల్లో కాంట్రాక్టుని నిషేధించే అధికారం ప్రభుత్వాలకి ఇచ్చింది. ఇంజన్ల కంపెనీలో ఫెట్లింగ్ కంటే శాశ్వతమైన పనేది? ఆ చట్టం మీద ఆశపెట్టుకున్నోళ్లకి 2001 ఆగస్టులో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన ఆ కూలీలు కంపెనీ ఉద్యోగులైపోరని. 2020 లేబర్ కోడ్ ఇరవై మంది అన్న హద్దుని యాభైకి పెంచింది. 2025 నవంబరులో దాన్ని అమల్లోకి తెచ్చారు. యాభైకి తక్కువుండే ముఠాలకి ఆ రక్షణ కూడా పోయింది. ఆ ముఠాల్లో ఎవరుంటారో వేరే చెప్పాలా?

1994లో కొల్లేరు తిరిగొచ్చి చేపల చెరువుల దగ్గర ఇంజన్లు బాగుచేశాను. 1970ల చివర్లో ప్రభుత్వం ఇక్కడ సొసైటీల పేరిట చెరువులిచ్చింది, వడ్డీలకి, కొన్నిచోట్ల దళితులకి. కాగితం వాళ్ల దగ్గరుంది, చెరువు లీజు పేరుతో డబ్బున్నోళ్ల చేతుల్లోకి పోయింది. పట్టుబడికి చెరువు తోడాలంటే రాత్రీ పగలూ ఇంజను ఆగకూడదు. ఆగితే నాకు కబురు. "ఏరా, నీ చేతిలో మహిమ ఉందిరా" అనేవాడు ఆసామి. టీ మాత్రం పాక చూరులో దోపిన గ్లాసులో. 2006లో అభయారణ్యంలోని గట్లు కొట్టేసినప్పుడు ఇంజన్లు లారీ ఎక్కి ఆసాములతో పాటు వేరే ఊళ్లకి పోయాయి. కూలోడు గట్టు మీదే మిగిలాడు.

ఇక ప్రతిభ మాట. 2006లో పరిశ్రమల సంఘాలు రిజర్వేషన్ వద్దు, మాకు మేమే దళితులకి చోటిస్తామన్నాయి. 2007లో థోరట్, ఎట్టీవెల్ చేసిన పరిశోధన బయటికొచ్చింది. ఒకే చదువు, ఒకే అర్హత, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు ఉద్యోగాలకి దరఖాస్తులు పంపారు. దళిత పేర్లకి పిలుపులు తక్కువొచ్చాయి. పేరు చూసి పక్కన పెట్టినోడు ప్రతిభ ఎక్కడ చూశాడు? 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేసింది. స్థానికుడంటే ఊరోడా, వాడోడా? చట్టంలో ఆ ప్రశ్నే లేదు. 2021 జనవరిలో కేంద్రం విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా అమ్మకానికి ఒప్పుకుంది. అక్కడ పోయేది ఉక్కొక్కటే కాదు, మన రిజర్వేషన్ ఉన్న గేటు.

2025 మార్చిలో ఏలూరికి దగ్గర్లో మల్లవల్లిలో బస్సుల ఫ్యాక్టరీ మొదలైంది. మా పేట ఐటిఐ పిల్లలు ఆశగా చూస్తున్నారు. చూడాలి. ఫ్యాక్టరీ వద్దని నేననను. పొలం గట్టు కంటే ఫ్యాక్టరీ గేటే మనకి నయం. నేనడిగేది లెక్క. ఈ జిల్లాల్లో ఏ కంపెనీ గేటు దగ్గరైనా నిలబడి అడగండి. పర్మినెంట్లో మావాళ్లెంతమంది? కాంట్రాక్టులో ఎంతమంది? దుమ్ము దగ్గరెవరు, గేజీల దగ్గరెవరు? ఇంజనులో ప్రతి బోల్టుకీ నంబరేసి లెక్క రాసే కంపెనీకి ఈ లెక్క రాయడం చేతగాదా?

కార్యకర్తలారా, విద్యార్థులారా! ప్రభుత్వం ఇచ్చే భూమి, నీళ్లు, కరెంటు, పన్ను రాయితీ తీసుకునే ప్రతి కంపెనీ ఈ లెక్క గేటు మీద అంటించాలి. కాంట్రాక్టు పనితో సహా అన్ని మెట్ల మీదా మన వాటా చట్టంలోకి రావాలి. మెటీరియల్ గేటు లోపలికి పోయేముందు తూకం వేస్తారు. మనుషుల లెక్క కూడా అక్కడే, అందరి ముందూ తేలాలి.