పునాది పేరిట పైకప్పు

మొన్న సాయంత్రం మా కలమల్లలో ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు నా యెదుట కూర్చుండి, ఎక్స్ స్క్వేర్‌కు అవకలజం టూ ఎక్స్ అని తడుముకోకుండా అప్పజెప్పినాడు. సంతోషించితిని. "ఎర్రగుంట్ల బస్సులో డ్రైవరు ముందర మీటరు ముల్లు ఉంటుందే, అది చూపేదీ అవకలజమే. దేనికి అవకలజం నాయనా?" అన్నాను. (నాది తెలుగు పండిత శిక్షణ, ఈ ప్రశ్న మా పాత లెక్కల మాస్టారి వద్ద అప్పు తెచ్చుకొన్నది.) పిల్లవాడు బిక్కమొగం వేసి, "అది మా ఫౌండేషన్ బుక్కులో లేదు సార్" అన్నాడు.

'ఐ.ఐ.టి. ఫౌండేషన్' అనే పేరుతో ఇంటర్మీడియట్ గణితమూ భౌతికశాస్త్రమూ హైస్కూలు పిల్లల నెత్తిన కుమ్మరించే వ్యాపారం నేడు పల్లెలకూ పాకింది. దీనిని పునాది అనడం భాషకే ద్రోహం. గోడలు లేవకముందే పైకప్పు వేస్తున్నారు.

చురుకైన పిల్లలను పట్టి ఆపమని నేననను. దసరాకే పుస్తకం ముగించి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే వాళ్ళను నా సర్వీసులో చూశాను. అట్టివానికి పై తరగతి పుస్తకం ఇవ్వకపోవడమే పాపం. కాని తరగతిలో నలభైమందికీ అదే ఆకలి అని నిర్ణయించినదెవరు?

అమెరికాలో మనవాళ్ళ పిల్లలు ఏ.పి. కోర్సులు చదువుతారు గదా అని కొందరు మిత్రులు వాదిస్తారు. 1950ల నుండి ఉన్న ఆ ఏర్పాటులో విద్యార్థి తనకు ఇష్టమైన విషయాన్ని ఎన్నుకొనవచ్చు. అందులో చరిత్రా సాహిత్యమూ ఉన్నవి. పరీక్షలో మంచి స్కోరు వస్తే పెక్కు కళాశాలలు దానికి క్రెడిట్ ఇస్తాయి. మన ఫౌండేషనుకు క్రెడిట్ ఏది? ఇంటర్ మొదటి సంవత్సరంలో అదే అవకలనం మళ్ళీ మొదటినుండి, మళ్ళీ ఫీజుతో!

అంతదూరం ఎందుకు? మన జిల్లాలోనే ఇడుపులపాయ ఉన్నది. 2008లో ఏర్పడిన ఆ ట్రిపుల్ ఐటీలో సాధారణంగా పదో తరగతి మార్కులను బట్టే సీటు; రెండేండ్లు పి.యు.సి., పిదప నాలుగేండ్లు ఇంజనీరింగు. హైస్కూలు చదువు ముగిసినాకే కాలేజీ చదువు, అదీ కాలేజీ ఆవరణలోనే. దానిలో లోపాలు లేవని కాదు గాని, క్రమం తప్పలేదు.

ఇక ఫౌండేషనుకు గంటలు ఎక్కడినుండి వస్తున్నవి? ఆటలనుండి, బొమ్మలనుండి, తెలుగునుండి. నా స్వార్థమే అనుకోండి. సుమారు క్రీ.శ. 575 నాటి ఎరికల్ ముత్తురాజు ధనంజయుని తెలుగు శాసనం దొరికిన ఊరిది. ఆ పిల్లవాడికి ఆ సంగతి తెలియదు. సరే, పోనీ. రెండు పంక్తుల లెక్కను తెలుగులోగాని ఇంగ్లీషులోగాని చదివి, అడిగినదేమో చెప్పలేకపోయినాడు. ప్రశ్నే బోధపడనివాడికి సూత్రమెందుకు?

వాని తండ్రితో ఈ మాటే అంటే, "ఊరంతా చేర్పిస్తావుంటే నేనొక్కణ్ణి మానుకుంటే ఎట్లా సార్?" అన్నాడు. ఆయనను తప్పుపట్టలేను. ఆ భయాన్నే కదా వాళ్ళు అమ్ముకొంటున్నది! ఫీజు కట్టబోయే ముందు టైంటేబుల్ చూపించమని అడుగు, ఏ పీరియడు తీసేసి ఇది పెట్టినారో రాయించుకొని రా అని మాత్రం చెప్పి పంపినాను.