చూసుకుంటా అంటే తౌహీనా?

మన ఇళ్ళల్ల ఒక బీమారీ ఉంది. పిల్లకు సంబంధం చూసేటప్పుడు ఏడు తరాల ఖాందాన్ అడుగుతం. దావత్‌కు గోష్ట్ కొనేటప్పుడు ఖసాయి ముందట నిలబడి ఏ ముక్క వద్దో చెప్తం. జత గాజులకు మూడు దుకాన్లు తిరుగుతం. గానీ పది లక్షల కారు కొనేటప్పుడు, అమ్మేటోడు సలాం పెట్టి, చాయ్ తాపి, "మనోళ్ళమే గద భాయ్" అన్నడంటే చాలు, బానెట్ ఎత్తి చూసెటందుకు కూడ శరమ్ పడ్తం. ఆ శరమ్ మీద నాకు గుస్సా ఉంది. ఆ శరమ్‌ను వాడుకొని బతికేటోళ్ళ మీద ఇంకా ఎక్కువ గుస్సా ఉంది.

"ఆపా, నువ్వు కార్ల గురించి రాసుడేంది?" అంటరని తెలుసు. మా అబ్బా రేడియేటర్ మిస్త్రీ. వరంగల్ మండీ బజార్ దగ్గర రేకుల షెడ్డు, ముందట నీళ్ళ హౌజు. లారీ రేడియేటర్‌ను అన్ని మూతులు బంద్ చేసి, గాలి పెట్టి ఆ హౌజుల ముంచేటోడు. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ సుద్దముక్కతోని గీత. బడి నుంచి వచ్చి ఆ బుడగలు లెక్కపెట్టిన పిల్లను నేను. లీకు ఉన్న రేడియేటర్‌ను ఉత్తగ కడిగి "ఠీక్ ఉంది" అని ఇచ్చుంటే మా అబ్బాకు రెండు రూపాయలు ఎక్కువే మిగులుతుండె. చెయ్యలే.

అసొంటి మిస్త్రీ కొడుకే ధోకా తిన్నడు. మా తమ్ముడు ఆరేండ్లు దమ్మాంల పనిచేసి వచ్చిండు. చిన్నప్పటి సంది ఒకటే షౌఖ్, స్పోర్ట్స్ కారు. కొత్తది మనతోని కాదు. హైదరాబాద్‌ల ఒకాయన కాడ పాత జర్మన్ కారు దొరికింది, రెండు లీటర్ల టర్బో ఇంజన్, ఎర్ర రంగు. పదకొండు లక్షలు. ఏడు దమ్మాం పైసలు, నాలుగు మా మరదలి మెహర్ బంగారం అమ్మితే వచ్చినవి. మెహర్ మొగని సొమ్ము కాదు, ఆడదాని హఖ్. ఆమె నవ్వుకుంట ఇచ్చింది, అది వేరే ముచ్చట.

నేను ఫోన్ల చెప్పిన: మిస్త్రీని తోలుకపో, ఇంజన్ సల్లగ ఉన్నప్పుడే చూడు, కింద ప్లేటు ఇప్పించు. వీడు అడిగిండు. ఆయన మొఖం మాడ్చుకొని, "నా మీద షక్ ఉంటే కారే వద్దు భాయ్" అన్నడట. ఇద్దరు ఒకే మస్జిద్‌ల జుమా చదివినోళ్ళు. వీనికి శరమ్ అయింది. పైసలు ఇచ్చి తాళాలు తీసుకున్నడు.

మే నెల, మిట్టమధ్యాహ్నం. జనగామ దాటినంక ఏసీ నుంచి వేడి గాలి మొదలైంది. తర్వాత ఎర్ర లైట్. "ఇంటికి పోయి చూద్దాం" అని ఇంకో పది కిలోమీటర్లు నడిపిండు. ఆ పది కిలోమీటర్లే కొంప ముంచినయ్. ఇంజన్ హెడ్ వంకరపోయింది. మన మిస్త్రీ కింద ప్లేటు ఇప్పితే, దాని మీద గులాబీ రంగు కూలెంట్ ఎండి పొరలు కట్టి ఉంది. అది ఒక్క రోజు కారుడు కాదు, నెలల నాటిది. ట్యాంకుల మాత్రం కూలెంట్ నిండుగ, తాజాగ ఉండె. ఖర్చు లక్షా ఎనభై వేలు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే ఒకటే జవాబు: "నేను ఇచ్చినప్పుడు బాగనే ఉండె. నీ కిస్మత్."

కిస్మత్ అంట! పగిలిన ప్లాస్టిక్‌కు కిస్మత్ అని పేరు పెడ్తరా?

కొంచెం ఇల్మ్ ఉంటే కిస్మత్ మీద ఇంత భారం పడదు. అబ్బా కాలంల రేడియేటర్లు రాగి, ఇత్తడివి. లీకైతే టంకం పెట్టి అతికేది. ఇప్పుడు అల్యూమినియం జాలి, రెండు దిక్కుల ప్లాస్టిక్ ట్యాంకులు. చాలా టర్బో కార్లల్ల నీళ్ళ పంపు డొల్ల, థర్మోస్టాట్ డొల్ల కూడ ప్లాస్టిక్‌వే. వేడైతయ్, సల్లారుతయ్, ఏండ్లు గడిస్తే పెళుసుబారి పగుల్తయ్. పైనుంచి చూస్తే ఇంజన్ కవర్ మూసి ఉంటది, కిందినుంచి చూస్తే ప్లేటు అడ్డం ఉంటది. కారిన కూలెంట్ ఆ ప్లేటు మీదనే ఆగి ఎండుతది. నేల మీద ఒక్క చుక్క పడదు. అందుకే "కింద తడి లేదు గద" అన్న మాటను నమ్మొద్దు. ప్లేటు ఇప్పాలె.

పొద్దున్నే పోండ్రి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టుండ్రి. వెచ్చగ ఉందంటే మీరు రాకముందే స్టార్ట్ చేసిండన్నట్టు. ఎందుకు చేసిండో అడగండ్రి. ఇంజన్ సల్లగ ఉంటేనే ట్యాంకు మూత తీయండ్రి. వేడి మీద తీస్తే కూలెంట్ ఎగజిమ్మి మొఖం కాల్తది. రెండు గీతల నడుమ ఉండాలె, రంగు సాఫ్ ఉండాలె. తుప్పు రంగు ఉన్నా, పైన నూనె తేలినా, ఉత్త నల్లా నీళ్ళు ఉన్నా సౌదా ఆపండ్రి. పాత లారీ డ్రైవర్లు దారిల లీకైతే రేడియేటర్‌ల హల్దీ వేసి ఊరు చేరేటోళ్ళు. ఇప్పుడు దానికి డబ్బాలల్ల మందు అమ్ముతున్నరు. అది గమ్యం చేరెటందుకు పనికొస్తది, కారు అమ్మెటందుకు కాదు.

పైపుల మూతుల కాడ, పంపు కాడ తెల్లగనో గులాబీగనో ఉప్పు పట్టినట్టు మరకలుంటే అది ఎండిన కూలెంట్. ఇంజన్ నిన్ననే కడిగి తళతళ మెరుస్తుంటే సంతోషపడకుండ్రి, మరకలు ఎటు పోయినయో అడగండ్రి. కారుల కూసుంటే తియ్యటి వాసన వచ్చినా, కాళ్ళ కింద తివాచీ తడిగ ఉన్నా, లోపలి హీటర్ లీకన్నట్టు. ఆ తియ్యదనం జహర్, పిల్లల్ని దూరం పెట్టండ్రి.

తర్వాత ఏసీ వేసి కనీసం అరగంట, ట్రాఫిక్‌ల గూడ నడపండ్రి. ముల్లును నమ్మొద్దు. కొన్ని జర్మన్ కార్లల్ల లోపల 80 డిగ్రీలున్నా 105 ఉన్నా ముల్లు 90 కాడనే కూసుంటది. చిన్న స్కానర్ పెడితే అసలు లెక్క కనిపిస్తది. ఇంజన్ వేడైనంక హీటర్ పెట్టండ్రి. సల్లగాలి వస్తే కూలెంట్ తక్కువుందనో, లోపల గాలి చేరిందనో షక్ పడాలె. వేడెక్కినంక కూడ సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతోని తెల్ల పొగ ఆగకుంటే హెడ్ గాస్కెట్ మీద షక్. బండి ఆపినంక వెంటనే లేవకుండ్రి, పావుగంట ఉండుండ్రి. ఆపినంకనే ఇంజన్ వేడి ఇంకొంచెం పెరుగుతది, దాక్కున్న లీకు అప్పుడు బయటపడ్తది. "ఏసీ నీళ్ళు" అంటడు. ఏసీ నీళ్ళకు రంగు ఉండదు, వాసన ఉండదు, జిగట ఉండదు. వేలు పెట్టి చూడుండ్రి.

అన్నిటికంటె పక్కా పని ప్రెషర్ టెస్ట్. ట్యాంకు మూత తీసి చేతి పంపు పెట్టి, మూత మీద రాసి ఉన్నంత గాలి ఎక్కియ్యాలె. చాలా కార్లకు అది 1 నుంచి 1.5 బార్ నడుమ ఉంటది. పది పదిహేను నిమిషాలు ముల్లు దిగకుండ నిలబడాలె. మా అబ్బా హౌజు పనే ఇది, కారు ఇప్పకుండ.

ఇదంత బద్‌గుమానీ అంటరు కొందరు. కాదు, తహ్‌ఖీఖ్. రెండింటికి ఫరఖ్ తెల్వాలంటే మన ఏనుమాముల మార్కెట్‌కు పోండ్రి. రైతు తెచ్చిన మిర్చి బస్తాలకు చెయ్యి పెట్టి తేమ చూసినంకనే ధర చెప్తరు. సీసీఐ పత్తి కొనేటప్పుడు తేమ 8 శాతం దాటితే రేటు తగ్గిస్తది, 12 దాటితే కొననే కొనదు. ఎండల కష్టపడి పండించిన రైతు ఈ తనిఖీకి నిలబడ్తడు. మరి ఏసీ గదిల కూసొని కారు అమ్మేటోనికి తౌహీన్ ఎందుకైతది?

మదీనా బజార్‌ల ఏమైందో మన పిల్లలకు మద్రసాల చెప్తనే ఉన్నం. రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం ఒక ధాన్యం కుప్పలకు చెయ్యి పెట్టిండ్రు. వేళ్ళకు తడి తగిలింది. వాన పడ్డదన్నడు అమ్మేటోడు. తడి గింజలను జనానికి కనిపించేటట్టు పైన ఎందుకు పెట్టలేదని అడిగిండ్రు, ధోకా చేసేటోడు తనవాడు కాదన్నరు. తడి తప్పు కాదు, దాన్ని దాచుడు తప్పు. ఇంకో సంగతి చూడుండ్రి: అక్కడ కుప్పలకు చెయ్యి పెట్టింది ఎవరు? బయటి గింజలు చూసి "మనోడే గద" అని పోలేదు. మనకు మాత్రం చెయ్యి పెట్టుడు శరమ్!

దేశ చట్టం కూడ శరమ్ పడేటోన్ని కాపాడదు. 1872 కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్‌ల ఒక గుర్రం ముచ్చట ఉంది. ఐబు ఉన్నదని తెలిసి కూడ ఒకడు నోరు విప్పకుండ గుర్రాన్ని వేలంల అమ్ముతడు. అది ఫ్రాడ్ కాదు. గానీ కొనేటోడు "నువ్వు కాదనకుంటే గుర్రం మంచిగుందనుకుంటా" అన్నంక కూడ నోరు మూసుకుంటే, ఆ మౌనం మాట కిందికే వస్తది. తెలిసీ ఐబును కప్పిపెట్టుడు సీదా ఫ్రాడే. 19వ సెక్షన్ ఇంకో మాట చెప్తది: మౌనంతోని జరిగిన ధోకాను కొనేటోడు మామూలు జాగ్రత్తతోని పట్టుకోగలిగేదే అయితే, సౌదా రద్దు చేసుకునే హఖ్ పోతది. అందుకే చూడాలె, అడగాలె. వాట్సాప్‌ల రాసి అడగాలె: "కూలెంట్ లీకు ఉందా, హెడ్ ఎప్పుడన్న ఇప్పినరా?" జవాబు దాచి పెట్టుకోవాలె. మా తమ్ముని కాడ చాయ్ తాగిన యాది తప్ప గవాహీ ఏం లేకుండె.

ఇప్పుడు అసలు తక్లీఫ్ ముచ్చట. రిపేర్ అయినంక వాడు కారు అమ్ముతనన్నడు. హెడ్ మారిన సంగతి చెప్పననన్నడు. "నాకెవరు చెప్పిండ్రు ఆపా? అన్నీ చెప్తే ఎవరు కొంటరు?" అమ్మీ గూడ వాని దిక్కే. "పిల్ల బంగారం వాపస్ రావాలె గద" అన్నది. నాకు మాట రాలే. ఆ బంగారం పోయినందుకు ఏడ్చినోళ్ళల్ల నేను కూడ ఉన్న. గానీ మా మరదలి మెహర్ వాపస్ రావాలంటే, ఇంకో ఇంటి పిల్ల మెహర్ మునగాల్నా? హైదరాబాద్ ఆయన కూడ ఎవరి కాడనో గిట్లనే మోసపోయి ఉంటడు. "నాకెవరు చెప్పిండ్రు" అనుకునే మనకు అంటగట్టి ఉంటడు. ఎక్కడో ఒక కాడ ఎవరో ఒకరు నష్టం మింగి నోరు విప్పకుంటే ఈ ధోకా ఆగదు.

రెండు రోజులు ఇంట్ల ఎవ్వరు మాట్లాడలే. మూడో రోజు మా మరదలే అన్నది, "చెప్పి అమ్ముండ్రి. నా హిసాబ్ నేను చూసుకుంట." బిల్లులన్నీ ముందట పెట్టి అమ్మినం. కొన్న ధరకు రెండున్నర లక్షలు తక్కువకు పోయింది. రిపేర్ ఖర్చు వేరే. మెహర్‌ల సగమే ఇంటికొచ్చింది. మా తమ్ముడు నాకు సలాం పెడ్తడు గానీ మునుపటి లెక్క కూసొని మాట్లాడ్తలేడు. సచ్ చెప్తే అంతా మంచే అయితదని నేను చెప్పను. ఖర్చయితది.

పాత కారు కొనెటందుకు పోతున్న తమ్ముళ్ళకు ఒక్కటే మాట. తమరికి మిస్త్రీ ఉంటే తోలుకపోండ్రి, ఆయనకిచ్చే రెండు మూడు వేలకు చూడకుండ్రి. అమ్మేటోడు మొఖం మాడ్చుకొని "నా మీద భరోసా లేదా భాయ్?" అంటడు. గుస్సా పడకుండ, నవ్వుకుంట జవాబు చెప్పుండ్రి: "నీ మీద ఉంది భాయ్, పంపు మీద లేదు. జర బానెట్ ఎత్తు."

ఖుదా హాఫిజ్.