ఇంటర్వెల్ కబుర్లు: సీసాలో నలభై ఏళ్ళు

మన సినిమాల్లో సీసాకి ఇచ్చే వేషాలు రెండే రెండు. ఒకటి, ప్రేమలో ఓడిపోయిన హీరోగారి చేతిలో. రెండోది, విలన్‌గారి డెన్‌లో, ఐసు ముక్కల పక్కన. 1953లో అక్కినేనిగారు దేవదాసై పట్టుకున్న సీసా ఈనాటికీ మన కళ్ళల్లోంచి పోలేదు. అందులో ఉన్నదేమిటి, ఏ ఊరిది, ఏ ఏడాదిది అని ఎవరైనా అడిగారా? అడగరు. మనకి సీసా అంటే దుఃఖం. అంతే!

అవతలి వాళ్ళ సినిమాల్లో అలా కాదు. అక్కడ సీసాకి పేరుంటుంది, ఊరుంటుంది, పుట్టిన సంవత్సరం ఉంటుంది. 2004లో వచ్చిన 'సైడ్‌వేస్' చూశారా? అందులో మైల్స్ అనే స్కూలు మాస్టారికి మెర్లో ద్రాక్షతో చేసిన వైన్ పేరెత్తితే ఒళ్ళు మంట. ఆయన ప్రాణంలా దాచుకున్న సీసా మాత్రం 1961 నాటి షెవాల్ బ్లాన్. తమాషా ఏమిటంటే, అది తయారయ్యేదే మెర్లో, కాబెర్నే ఫ్రాంక్ అనే రెండు ద్రాక్షలు కలిపి! మంచిరోజు కోసం ఏళ్ళ తరబడి దాచి, దాచి, చివరికి ఓ హాంబర్గర్ల హోటల్లో ఒంటరిగా కూర్చుని, వాడి పారేసే కప్పులో పోసుకుని తాగేస్తాడు. 2007 నాటి 'రాటటూయి' కార్టూన్ చిత్రంలో అందర్నీ గడగడలాడించే విమర్శకుడు ఆర్డరిచ్చేది కూడా షెవాల్ బ్లానే, 1947 నాటిది.

ఫ్రాన్సులో బోర్డో నగరానికి తూర్పున సెయింట్ ఎమిలియన్ అనే ఊరుంది. షెవాల్ బ్లాన్ ఆ ఊరి స్టార్ హీరో. నేను రుచి చూసింది ఆ స్టార్‌ని కాదు లెండి. ఆయన పక్కింటాయన్ని! పేరు ఫిజాక్.

ఈ పక్కింటాయన కథ మన క్యారెక్టర్ ఆర్టిస్టుల కథలా ఉంటుంది. ఫిజాక్ పాత ఎస్టేటు. 1830లలో ఇక్కడినుంచి అమ్ముడుపోయిన నేలలోంచే షెవాల్ బ్లాన్ పుట్టింది. చుట్టుపక్కల ఎక్కువగా మెర్లో పండే బంకమట్టి, సున్నపురాయి నేలలైతే ఫిజాక్‌కి గులకరాళ్ళ మిట్టలున్నాయి. ఎండని పట్టి ఉంచే ఆ రాళ్ళమీద కాబెర్నే జాతి ద్రాక్షలు బాగా పండుతాయి. ఇంత ఉన్నా, 1950లలో ఊళ్ళో వైన్లకి గ్రేడులు పెట్టినప్పుడు షెవాల్ బ్లాన్‌కి 'ఏ' వచ్చింది, ఫిజాక్‌కి 'బి' వచ్చింది. దశాబ్దాలపాటు టైటిల్ కార్డులో రెండో వరసే! 2021లో షెవాల్ బ్లాన్ ఆ పోటీనుంచే తప్పుకుంటానని ప్రకటించింది. 2022 జాబితాలో ఫిజాక్‌కి 'ఏ' దక్కింది. స్టారు సెట్టు దిగి వెళ్ళాక, మన ఆర్టిస్టుకి మొదటి కార్డు పడిందన్నమాట.

మా మేనబావ టూలూజ్‌లో విమానాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, కింది వాటాలో ఉండే ఇంటి ఓనరుగారు ఓ సాయంత్రం మమ్మల్ని పిలిచారు. మేజామీద 1982 నాటి ఫిజాక్! 'బొబ్బిలిపులి' మన హాళ్ళలో గర్జించిన ఏడాది. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఖరీదు అడిగితే బావ చెవిలో చెప్పాడు. నా నెల రాతకూలి!

అడుగున మడ్డి పేరుకోవాలని సీసాని ముందురోజే నిలబెట్టారట. బిరడా మెత్తబడి ముక్కలవుతుంటే, పెద్దాయన నెమ్మదిగా, పసిపిల్లాడి కాలిలో ముల్లు తీసినట్టు తీశారు. సీసా మెడ వెనక కొవ్వొత్తి వెలిగించి, తేటని గాజు కూజాలోకి వంచారు. మడ్డి మెడదాకా రాగానే చెయ్యి ఆగిపోయింది.

రంగు ఎరుపు కాదు. అంచున ఇటుక రంగు. మొదటి వాసన, ఎవరూ తెరవని భోషాణం తెరిచినట్టు.

"ఏరా, ఎలా ఉంది?" అన్నాడు బావ.

"అమ్మమ్మగారింటి అటకలా ఉంది బావా" అన్నాను.

"ఆగు, దాన్ని ఊపిరి తీసుకోనీ" అన్నాడు.

పది నిమిషాలకి ఎండిన పొగాకు, తోలు, వాన పడ్డ ఎండుటాకుల వాసన. వాటికింద ఎక్కడో, సన్నగా, పండు. కుర్ర వైన్ పచ్చి వక్క నమిలినట్టు నాలిక పట్టేస్తుంది. ఆ వగరే కాలక్రమంలో ఒకదానికొకటి అతుక్కుని, రంగునీ కొంత వెంటబెట్టుకుని, మడ్డిగా దిగిపోతుంది. ఇందులో వగరు నీడలా మిగిలింది. అరగంట అద్భుతం! గంటయ్యేసరికి నా గ్లాసులో మిగిలినది పాత రీలులా వెలిసిపోయింది.

ఇవాళ సందర్భం ఏమిటని అడిగించాను బావచేత. ఏమీ లేదన్నారు పెద్దాయన. అది కూతురు పుట్టిన ఏడాది వైన్. పెళ్ళికి తెరుద్దామనుకున్నారు, ఆ అమ్మాయి పెళ్ళి చేసుకోలేదు. నలభయ్యో పుట్టినరోజుకన్నారు, ఆ అమ్మాయి రాలేదు. "ఇంకా ఆగితే నాకు ఓపికుంటుందేమోగాని దీనికుండదు" అన్నారట. ఆ రోజు వట్టి మంగళవారం.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మన పరిశ్రమలో ఓ పెద్ద క్యారెక్టర్ ఆర్టిస్టు, పేరు వద్దు, నాకు తన కథంతా చెప్తానన్నారు. "సంక్రాంతి ప్రత్యేక సంచికకి వేద్దాం గురువుగారూ" అంటూ మూడేళ్ళు దాటేశాను. "నాకేం తొందర లేదు నాయనా, జ్ఞాపకానికే తొందర" అని నవ్వేవారు. తీరా టేప్‌రికార్డరు పట్టుకెళ్ళేసరికి నన్నే పోల్చుకోలేదు. "భోంచేశావా?" అని మూడుసార్లు అడిగారు. ఆ కథ ఆయనలోనే మడ్డిలా దిగిపోయింది. దానికి ఏ గ్రేడు వచ్చేదో ఇక ఎవరికీ తెలియదు.

సీసాలో ఉన్నదానికి 'ఏ' రాలేదనీ తెలియదు, వచ్చిందనీ తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే, తన అరగంట. అది తప్పితే ఏ గ్రేడూ కాపాడదు.

ఇది చదివి ఎవరూ తాగడం మొదలెట్టక్కర్లేదు. వచ్చే మంగళవారం నేను ఓ పాతతరం నటీమణిగారింటికి వెళ్తున్నాను. ఏ ప్రత్యేక సంచికా లేదు. వట్టి మంగళవారం. మీ ఇంట్లోనూ ఓ పెద్దవాళ్ళున్నారు కదూ?