సన్నగిల్లిన గొంతు

మా యత్తగారి పెట్టెలో పాత రికార్డులు ముప్పదికి పైగా కలవు. వానిలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత ఆమెకు ప్రాణము. పాత యంత్రము చెడి చాల కాలమైనందున, ఈ యేడు మేమొక క్రొత్త టర్న్‌టేబిలు తెప్పించి ఇంటనున్న స్పీకర్లకు తగిలించితిమి. కాని గొంతు దోమరొదవలె సన్నగా వినవచ్చెను. రికార్డులు అరిగిపోయినవి, పాతసామానువానికి ఇచ్చివేయుడని ఇంటివారనిరి. అత్తగారు మారుమాటాడక పెట్టె మూసిరి.

1998లో తెరచిన సైబర్ టవర్స్‌కు చేరువనే, మాదాపురమున, మా కాపురము. అచటి కార్యాలయమున పనిచేయు ప్రక్కింటి అమ్మాయి వచ్చి విని, "పిన్నిగారూ, దోషము రికార్డులది కాదు" అన్నది.

సంగతి యిది. మంద్రధ్వనులను ఉన్నవున్నట్లు చెక్కినచో గాడి ఊగిసలాట హెచ్చి ప్రక్కగాడిని తాకును. పాటకు చోటు చాలదు. కావున చెక్కునపుడు మంద్రమును తగ్గించి తారమును హెచ్చింతురు. అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘము 1954లో ఇందులకొక కొలత నేర్పరచెను. వినునపుడు తగ్గినదానిని పెంచి, పెరిగినదానిని తగ్గింపవలెను. అట్లు తగ్గించుటలో బరబర శబ్దమును కొంత యణగును. ముల్లు పుట్టించు విద్యుత్తు నాలుగైదు మిల్లీవోల్టులే గనుక దానిని సుమారు నూరురెట్లు పెంపవలెను. ఈ రెండు పనులు చేయునదే ఫోనో ప్రీఆంప్లిఫయరు.

దాని విడిభాగముల కిట్టు తెప్పించితిమి. కోఠి గుజరాతీ గల్లీలో సోల్డరింగు కడ్డీయు మీటరును కొంటిమి. రెసిస్టర్లపై రంగుపట్టెలే లెక్క: పసుపు నాలుగు, ఊదా ఏడు, నారింజ మూడు సున్నలు, అనగా 47,000 ఓములు. పూసలేరి దండ గ్రుచ్చు చేతులకిది కష్టము కాదు. కొన్ని కెపాసిటర్లకు మైనసు గుర్తుండును. త్రిప్పి పెట్టిన చెడిపోవును. బిందెకు మాటువేయువానివలె మొదట అతుకుచోటు వేడిచేసి, పిదప సోల్డరుతీగ తాకింపవలెను. అందు సీసముండవచ్చును గాన కిటికీలు తెరచియుంచి, పిల్లలను దూరముంచి, పని ముగియగానే చేతులు కడుగుకొనవలెను. గోడ కరెంటు జోలికి పోక, సిద్ధముగా దొరకు 12 వోల్టుల అడాప్టరునే వాడితిమి.

మూడు సాయంకాలములకు పని ముగిసినది. తగిలింపగా పాటకు బదులు జుమ్మను రొద! అతుకులన్నియు మరల చూచితిమి, తప్పు కానరాలేదు. తుదకు టర్న్‌టేబిలునుండి వ్రేలాడు సన్నని ఎర్తుతీగ కంటబడెను. దానిని కిట్టుపెట్టె మరకు బిగించినంతనే రొద యణగెను.

అత్తగారిని పిలిచితిమి. ఆమె గోడకానుకొని కన్నులు మూసికొని ఒక ప్రక్కంతయు వినిరి. "మీ మామగారు ఇచటనే తల యూచెడివారు" అనిరి.

కావున పాత రికార్డులను తొందరపడి పారవేయకుడు. క్రొత్త యంత్రములు కొన్నింట ఈ ప్రీఆంప్లిఫయరు లోపలనే యుండును. ముందు అది చూచుకొనుడు. 78 చుట్ల లక్క రికార్డులకు మాత్రము ముల్లును వేరు, కొలతయు వేరు.