పసుపు తీగ, ఎర్ర తీగ

కారులో పాటల పెట్టెకు పిచ్చెత్తడం మీరెప్పుడైనా చూశారా? మా కారులో దానికి ఎత్తింది. చప్పుడు తగ్గిద్దామని నాబు ఎడమకు తిప్పితే ఒక్కొక్కప్పుడు తగ్గేది, ఒక్కొక్కప్పుడు చెవులు చిల్లులు పడేలా అరిచేది. వరంగల్లు నుంచి వస్తూ వర్ధన్నపేట దాటేసరికి ఎడమవైపు స్పీకర్లు మూగపోయేవి. రాయపర్తి దగ్గర చక్రం ఏదో గుంటలో పడగానే మళ్ళీ గొంతు సవరించుకునేవి. ఇంక తొర్రూరు చేరేదాకా ఆ గుంటల మీదే మాకు ఆశ!

కంపెనీవారి దగ్గరికి వెళ్ళి, నాబు ఒక్కటీ మార్చమన్నాను. విడిగా దొరకదట. పెట్టె మొత్తం మార్చాలట. ధర చెప్పారు. మా ఆవిడ అక్కడేమీ అనలేదు గాని, బయటికి వచ్చాక, "ఆ పైసలతోని ఇంట్లకు ఫ్రిజ్జు వస్తది, తెలుసా?" అంది. పెద్ద తెరా, దారి చూపించే పటమూ అన్నీ ఉన్న బయటి సెట్టు అందులో మూడో వంతుకే వస్తుందని మా అబ్బాయి ఫోనులో చూసి తేల్చాడు. తండ్రి మాటకంటె ఫోను మాటకు మా ఇంట్లో విలువ ఎక్కువ. కొన్నాం.

ఎవరో చేసిన కారులో మరెవరో చేసిన పెట్టె ఎలా పడుతుందని నాకు అనుమానమే. దానికి జర్మనీవారు ఏనాడో కొలత కట్టారు: 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. దాన్ని డిన్ అంటారు. ఎత్తు రెట్టింపైతే డబుల్ డిన్. ఇప్పటి పెద్ద తెరలకైతే ఏ కారుకు ఆ కారు ఫ్రేము వేరే కొనాలి. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు కారు రేడియో అమ్మకానికి పెట్టినప్పుడు ఈ కొలతలేవీ లేవు. మోటారు అన్న మాటకు, ఆ రోజుల్లో గ్రామఫోను పేర్ల చివర వినిపించే 'ఓలా' తగిలించి మోటరోలా అని పేరు పెట్టుకున్నారు. ధర వంద డాలర్ల పైమాటే.

సరే, పెట్టె పట్టడం వేరు, తీగలు కలవడం వేరు. బిగించిన కుర్రవాడు (ఊరూ పేరూ అడక్కండి) నేను చూస్తుండగానే పాత సెట్టు వెనక ప్లగ్గును కటుక్కున కోసేశాడు. తీగల్ని మెలిపెట్టి నల్ల టేపు చుట్టాడు. "కోయకుండా బిగించలేవా నాయనా?" అన్నాను. "అందరికీ ఇట్లనే చేస్తం సార్" అన్నాడు. అందరికీ అయినట్టే మనకూ అవుతుందని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే నా తప్పు.

పాట బ్రహ్మాండంగా వచ్చింది. తపాలాఫీసులో రేడియోకు లైసెన్సు కట్టిన కాలం మనిషి మా నాన్నగారు. వరంగల్లు ఆకాశవాణి పలకగానే, "దీనికి లైసెన్సు ఎంతరా?" అని నవ్వించారు.

మూడోనాడు ఆయనకు కంటి ఆపరేషను. తొమ్మిదింటికల్లా వరంగల్లులో ఉండాలి. రెండు రోజులుగా కారు కదల్లేదు. తెల్లవారుజామున తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. నలుగురం కూడి తోశాం. కదిలింది గాని లేవలేదు. కంట్లో చుక్కలు వేసుకుని సిద్ధంగా కూర్చున్న మనిషిని బస్సెక్కించాను. ఎవరో కాలేజీ పిల్ల లేచి సీటిచ్చింది. దారి పొడుగునా ఆయన ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆలస్యంగా చేరామని, అందరికీ అయ్యాక ఆఖరున పిలిచారు.

మర్నాడు మా ఊళ్ళో లారీల వైరింగు చేసి తలపండిన ఒక పెద్దమనిషిని పిలిచాను. సెట్టు ఊడదీసి, టెస్టు ల్యాంపు పెట్టి చూశాడు.

"సార్, పసుపు తీగల కరెంటు ఎప్పటికీ ఉంటది. ఎర్ర తీగల తాళం తిప్పితేనే రావాలె. ఈ రెంటిని కలిపి బ్యాటరీకే కట్టిండ్రు. మీరు తాళం తీసి పండుకున్నా ఇది మెలకువగనే ఉన్నది."

"తెర ఆరిపోయింది గదయ్యా?"

"కండ్లు మూసుకున్నోళ్ళంత నిద్రపోయినట్టేనా సార్?"

పసుపు తీగ ఉన్నది స్టేషన్లూ గడియారమూ గుర్తుంచుకోవడానికట. దానికి కావలసిన కరెంటు బహు స్వల్పం. లేవమని చెప్పేది ఎర్ర తీగ. నల్లది ఎర్తు. స్పీకరు తీగల్లో చారలున్నది కూడా నల్లదానిలాగే ఎర్తేనని కారు బాడీకి తగిలించేవాళ్ళున్నారట. అలా చేస్తే సెట్టు లోపలి యాంప్లిఫయరు కాలిపోవచ్చు. పెట్టె మీద 50 వాట్లు, నాలుగు స్పీకర్లు అని రాసింది చూపించాను. నవ్వాడు. కారు బ్యాటరీ మీద మామూలు సెట్టు నిలకడగా ఇచ్చేది స్పీకరుకు 20 వాట్లు, అటూ ఇటూగా.

అన్నిటికంటె నాకు మంట పుట్టించిన సంగతి మరొకటి. కారు మోడల్ చెప్పి కప్లరు అని అడిగితే కొన్ని వందలకే దొరుకుతుందట. ఒక కొస కారు ప్లగ్గులోకి, రెండో కొస కొత్త సెట్టులోకి. కోతా లేదు, మెలికా లేదు. కారు అమ్మేనాడు పాత సెట్టు మళ్ళీ తగిలించుకోవచ్చు. వారంటీ ఉన్నవాళ్ళకైతే, తీగలు కోశారన్న పేచీ ఉండదు. ఆ కొన్ని వందలు మిగిల్చి మా కుర్రవాడు నాకు చేసిన ఉపకారం ఇదీ! ఇప్పుడు తెగిన తీగలన్నిటికీ కప్లరు తెచ్చి, ఒక్కొక్కటే టంకం పెట్టి అతికేసరికి పొద్దుగూకింది. బ్యాటరీ ఛార్జింగుకు వేరే ఖర్చు.

వారం తరవాత నాన్నగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. రేడియో వింటూ ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చాం. ఇంటి ముందర ఆపి తాళం తీశాను. పాట ఆగింది. ఆయన దిగలేదు. తల వంచి, చెవి ఆ పెట్టె దగ్గరగా పెట్టి, "నిజంగనే నిద్రపోయిందారా?" అన్నారు.