ఆసనాలు సరే, కంచం సంగతేమిటి?

విజయనగరం: 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినం నాడు విశాఖ బీచి నుంచి మన జిల్లాలోని భోగాపురం వైపు తీరం వెంబడి లక్షలాది జనం బారులు తీరి ఆసనాలు వేశారు. అంతకుముందు నెల రోజులపాటు ‘యోగాంధ్ర’ పేరిట ఊరూరా శిక్షణ సాగింది. ఆ సందడి ముగిసింది. ఉత్సాహంతో మొదలుపెట్టి మానేసినవారు మానేయగా, అలవాటు నిలుపుకున్నవారికి ఇప్పుడొక సందేహం పట్టుకుంది. యోగా చేసేవారు ఏం తినాలి, ఎంత తినాలి?

సలహాలకు మాత్రం కొదవ లేదు. తిండి సగానికి తగ్గించమని ఒకరు, రాత్రి భోజనం మానేయమని ఒకరు, బాదంపప్పు, తేనె లేనిదే ఫలితం ఉండదని మరొకరు చెబుతున్నారు. పట్నంలో కుర్చీలో కూర్చుని పనిచేసే వారికి చెప్పిన మాటలు, ఊడ్పుల్లో రోజంతా నడుం వంచే మనిషికి ఎంతవరకు వర్తిస్తాయన్నది ఆలోచించవలసిన విషయం.

మితం అంటే పస్తు కాదు

యోగశాస్త్రం చెప్పేది మితాహారం. సుమారు 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన ‘హఠయోగ ప్రదీపిక’ కడుపులో నాలుగో వంతు ఖాళీగా ఉంచి తినమంటుంది. అంటే మూడు వంతులు నింపమనే కదా! అదే గ్రంథం గోధుమలు, బియ్యం, పెసలు, పాలు, నెయ్యి మంచివని చెప్పి, ఉలవలు, మజ్జిగ, చేపలు, మాంసం వద్దంటుంది.

అయితే ఆ జాబితా ఎవరి కోసమో గమనించాలి. చిన్న కుటీరంలో ఒంటరిగా కూర్చుని సాధన చేసే యోగి కోసం అది. శరీరశ్రమ ఎక్కువైతే సాధన చెడుతుందని కూడా ఆ గ్రంథమే చెబుతుంది. నాగలి పట్టేవాడు, మూట మోసేవాడు ఆ లెక్కలోకి రారు. ఎండలో పనిచేసి వచ్చిన రైతు మజ్జిగ మానడం, ఉలవచారు వదులుకోవడం అవసరం లేదు. చేప, గుడ్డు మానదలచినవారు మానవచ్చు. కాని ఆ లోటును పప్పు, పాలతో పూడ్చుకోవాలి. మానివేసి వట్టి చారన్నంతో సరిపెట్టుకుంటే నష్టపోయేది ఒళ్ళే.

అన్నం కుప్ప, పప్పు చెంచాడు

అసలు లోపం మన కంచంలోనే ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీలు చాలిన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలి. కాయకష్టం చేసేవారికి ఇంకా ఎక్కువ కావాలి. మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? అన్నం కుప్పగా, పప్పు చెంచాడుగా, కూర నంజుకోడానికే అన్నట్టుగా ఉంటోంది. మిగతా అన్నం పచ్చడితోనే దిగుతుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. అంటే ఒక చిన్న చెంచాడు. రెండు పూటలా ఊరగాయ వేసుకునే ఇంట్లో ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది.

బాదం కొనలేమని దిగులుపడనక్కరలేదు. మన తాతలు తాగిన చోడి అంబలి ఉండనే ఉంది. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, మిల్లు బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఉదయం అంబలి, వారానికి రెండు మూడు పూటలు గంటెల సంకటి, పెరట్లో మునగాకు, తోటకూర, పాదు మీది ఆనపకాయ, గుప్పెడు వేరుశనగ. యోగా చేసేవారికి ఇంతకంటె సాత్వికమైన తిండి పట్నం దుకాణాల్లో దొరకదు.

తగ్గించవలసింది అందరూ కాదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. ఇంటిల్లిపాదికీ వడ్డించి, అడుగున మిగిలింది తినే ఇల్లాలికి “తిండి తగ్గించమ్మా” అనడం మేలు చేయదు. ఆమె కంచంలోకి ఆకుకూర, పప్పు, వీలైతే గుడ్డు అదనంగా రావాలి. కూరలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే అది తగ్గిపోతుంది. గంట ఆగి తాగడం మంచిది.

వేళ ముఖ్యం

కేంద్ర ఆయుష్ శాఖ సూచనల ప్రకారం ఖాళీ కడుపుతో గాని, తేలికగా తిని గాని యోగా చేయాలి. నీరసంగా ఉంటే గోరువెచ్చని నీటిలో కాస్త తేనె కలిపి తాగవచ్చు. ముగించాక 20, 30 నిమిషాలు ఆగి తినాలి. కడుపునిండా తిన్నవారు మూడు నాలుగు గంటలు ఆగడం ఉత్తమం. ఆసనాలు వేసి, ఏమీ తినకుండా నేరుగా పొలానికి పోవడం మాత్రం మంచి పద్ధతి కాదు.

మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వట్టి కడుపుతో చేస్తే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. వెంటనే ఆపి పంచదార నీళ్ళు తాగాలి. యోగా మొదలుపెట్టామని బి.పి., షుగరు మాత్రలు సొంతంగా మానడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును అడిగాకే ఏ మార్పయినా చేయాలి.

ఊరూరా ఆసనాలు నేర్పినవారు కంచం గురించి కూడా నాలుగు మాటలు చెబితే ఆ శ్రమకు నిండు ఫలితం దక్కుతుంది. చాప మీద గడిపేది గంటసేపే. మిగతా రోజంతా మనిషిని నిలబెట్టేది తిన్న తిండే.